చిరునామాలో కెలోనా, పన్ను కాగితంలో విక్టోరియా: మా స్థానిక ప్రభుత్వం ఏది?

ప్రశ్న: మేము ఏడేళ్లు వాంకూవర్ పక్కనున్న సర్రే నగరంలో ఉండి, గత సంవత్సరం బ్రిటిష్ కొలంబియా లోపలి ప్రాంతానికి వచ్చాము. కెలోనా విమానాశ్రయం దాటిన తరువాత, సెంట్రల్ ఒకనాగన్ ఈస్ట్ అనే ప్రాంతంలో రెండున్నర ఎకరాల స్థలంతో ఇల్లు కొన్నాము. మా చిరునామాలో ‘కెలోనా’ అనే ఉంది, కానీ రోడ్డు మీద మంచు తీయించమని నగరానికి ఫోను చేస్తే మీరు మా పరిధిలో లేరన్నారు. ఆస్తి పన్ను నోటీసు విక్టోరియా నుంచి వచ్చింది. నీటి బిల్లు మరొక సంస్థ పంపుతోంది. మా అత్తమామల కోసం పెరట్లో చిన్న ఇల్లు కట్టాలనుకుంటున్నాము, అనుమతి ఎవరిని అడగాలో తెలియడం లేదు. ఈ మధ్య ఇరుగుపొరుగు వారు నగరంలో కలిసిపోదామంటూ ఒక కాగితం మీద సంతకం చేయమంటున్నారు. నా భర్తకు కెనడా పౌరసత్వం ఉంది, నాకు ఇంకా పర్మనెంట్ రెసిడెన్సీ మాత్రమే. సర్రేలోని మా అపార్ట్‌మెంటు అద్దెకు ఇచ్చాము. అసలు మా ప్రభుత్వం ఏది? ఎవరిని ఏమి అడగాలి?

సమాధానం:

గౌరవనీయులైన సోదరికి,

మీ అయోమయం చిరునామా దగ్గరే మొదలయింది కనుక ముందు దానిని తేల్చుకుందాము. చిరునామాలో కనిపించే ఊరి పేరు తపాలా శాఖ తన బట్వాడా సౌకర్యం కోసం వాడుకునే పేరు. తపాలా కేంద్ర ప్రభుత్వ వ్యవహారం, నగర సరిహద్దులు ప్రావిన్సు, అంటే మన లెక్కన రాష్ట్రం, గీసినవి. ఈ రెండు గీతలు కలవాలన్న నియమం ఎక్కడా లేదు. మీ ఇల్లు కెలోనా తపాలా పరిధిలో ఉంది, కెలోనా నగర పరిధిలో లేదు. మీరున్నది ‘సెంట్రల్ ఒకనాగన్ రీజినల్ డిస్ట్రిక్ట్’లోని ఒక ఎలక్టోరల్ ఏరియాలో, అంటే ఏ మునిసిపాలిటీలోనూ చేరని ప్రాంతంలో. ఏటా జనవరిలో బీసీ అసెస్‌మెంట్ సంస్థ పంపే ఆస్తి విలువ నోటీసును ఒకసారి తీసి చూడండి. అంతకు ముందరి జూలై 1 నాటి మార్కెట్ విలువతో పాటు మీ స్థలం ఏ పరిధిలోకి వస్తుందో కూడా అందులో ఉంటుంది. ఇల్లు కొనేటప్పుడు అందరూ ఆ నోటీసులో విలువ ఒక్కటే చూస్తారు, పరిధి గడిని ఎవరూ చదవరు. అనుమతులు, పన్నులు, ఓటు అన్నీ ఆ గడి మీదే ఆధారపడి ఉంటాయి.

సర్రేలో ఉన్నప్పుడు మీకు ఈ చిక్కు ఎదురుకాకపోవడం సహజం. రోడ్డు, నీరు, చెత్త, ఇంటి అనుమతి, అగ్నిమాపక దళం, అన్నిటికీ అక్కడ నగరమే ముందు నిలబడుతుంది. నీరు నిజానికి మెట్రో వాంకూవర్ అనే ప్రాంతీయ సంస్థ సరఫరా చేసేదే అయినా బిల్లు మాత్రం నగరం పేరుతో వస్తుంది కాబట్టి వెనకనున్న రెండో సంస్థ మనకు కనబడదు. మీరిప్పుడున్న చోట ఆ తెర లేదు. ఏ పని ఎవరిదో వారే నేరుగా మీ ముందుకు వస్తారు, బిల్లు కూడా వారే పంపుతారు.

కెనడాలో నగరాలకు, పట్టణాలకు రాజ్యాంగం ఇచ్చిన సొంత అధికారం లేదు. 1867 నాటి రాజ్యాంగ చట్టంలోని 92వ సెక్షన్ పురపాలక సంస్థలను ప్రావిన్సుల చేతిలో పెట్టింది. అందుకే స్థానిక ప్రభుత్వాల తీరు ఒక్కొక్క ప్రావిన్సులో ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఒంటారియో వంటి మరొక ప్రావిన్సులో ఉండేవారు చెప్పే లెక్క మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. బ్రిటిష్ కొలంబియాలో 161 మునిసిపాలిటీలు ఉన్నాయి. జనాభాలో ఎక్కువ భాగం వాటిలోనే నివసిస్తున్నది, కానీ ప్రావిన్సు విస్తీర్ణంలో అవి ఆక్రమించినది చాలా కొద్ది. మిగిలిన కొండలు, అడవులు, లోయలు, తోటల మధ్య విసిరేసినట్లుండే ఇళ్లు ఏ మునిసిపాలిటీలోనూ లేవు. 1960ల వరకు ఆ ప్రాంతాలకు స్థానిక ప్రభుత్వమనేదే ఉండేది కాదు. పట్టణం అంచున ఇళ్లు కట్టుకున్నవారు పట్టణపు గ్రంథాలయాన్ని, క్రీడా మైదానాన్ని, ఆసుపత్రిని వాడుకునేవారు గాని వాటి ఖర్చు పంచుకునే మార్గం లేదు. వారి మాట వినిపించే చోటు కూడా లేదు. ఆ ఖాళీని పూరించడానికి 1965లో చట్టం సవరించి రీజినల్ డిస్ట్రిక్ట్ అనే వ్యవస్థను తెచ్చారు. ఇప్పుడు అవి 27 ఉన్నాయి. మీది 1967లో ఏర్పడింది. వాయవ్య మూలనున్న స్టికీన్ ప్రాంతం ఒక్కటే నేటికీ ఏ రీజినల్ డిస్ట్రిక్ట్‌లోనూ చేరకుండా ఉండిపోయింది.

డిస్ట్రిక్ట్ అన్న మాట వినగానే మన మనసు జిల్లా అని అనువదించుకుంటుంది. దయచేసి ఆ అలవాటును ఇక్కడ పక్కన పెట్టండి. కింద గ్రామ పంచాయతీ, దాని పైన మండల పరిషత్తు, దాని పైన జిల్లా పరిషత్తు అనే మెట్ల వరుస మనకు చిరపరిచితం కాబట్టి, రీజినల్ డిస్ట్రిక్ట్ కెలోనా నగరానికి పై మెట్టు అనిపించడంలో వింత లేదు. అది పై మెట్టు కాదు. కెలోనా, వెస్ట్ కెలోనా, లేక్ కంట్రీ, పీచ్‌లాండ్ అనే నాలుగు మునిసిపాలిటీలు, వాటికి వెలుపలనున్న రెండు ఎలక్టోరల్ ఏరియాలు కలిసి కూర్చుని, ఒంటరిగా చేసుకోలేని పనులను ఉమ్మడిగా చేసుకునే బల్ల అది. నగరం మీద పెత్తనం చేసే అధికారం దానికి లేదు. అదే సంస్థ మునిసిపాలిటీ వెలుపల ఉన్న మీబోటివారికి మాత్రం ఉమ్మడి బల్లే కాకుండా స్థానిక ప్రభుత్వం కూడా అవుతుంది. నగరవాసికి కౌన్సిల్ ఉన్నట్లు మీకు ఈ బోర్డు ఉంది. ఒకే సంస్థ ఒకరికి సహకార సంఘంగా, మరొకరికి ప్రభుత్వంగా పనిచేయడమే ఈ ఏర్పాటులోని కీలకం. దీనిని పట్టుకుంటే మిగిలిన ముళ్లన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి.

ఆ బోర్డులో కూర్చునేవారిని డైరెక్టర్లు అంటారు. మునిసిపాలిటీల తరఫున వచ్చే డైరెక్టర్లను ఆయా కౌన్సిళ్లు తమ సభ్యుల నుంచి నియమిస్తాయి. ఎలక్టోరల్ ఏరియా డైరెక్టరును మాత్రం మీరు నాలుగేళ్లకొకసారి నేరుగా ఎన్నుకుంటారు. మీకు మేయరు లేరు, కౌన్సిలర్లు లేరు, ఉన్నది ఆ ఒక్క డైరెక్టరు. నగరంలో ఒక కౌన్సిలరు వినకపోతే మరొకరి దగ్గరకు వెళ్లవచ్చు, మీకు ఆ వెసులుబాటు లేదు. కనుక మీ డైరెక్టరు ఎవరో తెలుసుకుని, సమస్య వచ్చేదాకా ఆగకుండా ముందే ఒకసారి మాట్లాడండి. ఎలక్టోరల్ ఏరియాల్లో ఇది అసాధారణమేమీ కాదు. డైరెక్టర్లలో చాలామంది ఫోనుకు తామే జవాబిస్తారు.

ఇక మంచు విషయం. ఎలక్టోరల్ ఏరియాల్లోని ప్రజా రహదారులు నగరానివీ కావు, రీజినల్ డిస్ట్రిక్ట్‌వీ కావు, ప్రావిన్సు రవాణా మంత్రిత్వ శాఖవి. ఆ శాఖ కూడా స్వయంగా మంచు తీయదు. 1980ల చివరి నుంచి రహదారుల నిర్వహణను ప్రాంతాల వారీగా ప్రైవేటు కాంట్రాక్టర్లకు అప్పగిస్తూ వస్తున్నది. కాబట్టి మీరు ఫోను చేయవలసింది మీ ప్రాంతపు నిర్వహణ కాంట్రాక్టరుకు. వారి నంబరు మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఉంటుంది. రోడ్లకు తరగతులు ఉంటాయి, ప్రధాన రహదారికి ఇచ్చే ప్రాధాన్యం ఇళ్ల మధ్యనుండే చిన్న రోడ్డుకు ఉండదు. ఏ తరగతికి ఎన్ని గంటల్లో మంచు తీయాలో ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ‘మా రోడ్డు ఏ తరగతి?’ అని అడిగి తెలుసుకుంటే మీ ఫిర్యాదుకు బలం వస్తుంది. కాంట్రాక్టరు స్పందించకపోతే మంత్రిత్వ శాఖ స్థానిక కార్యాలయానికి రాయండి.

పన్ను నోటీసు ప్రావిన్సు రాజధాని విక్టోరియా నుంచి రావడానికి కూడా ఇదే మూలం. మునిసిపాలిటీలో పన్ను వసూలు చేసేది మునిసిపాలిటీ. దాని వెలుపల ఆ పని ప్రావిన్సులోని సర్వేయర్ ఆఫ్ టాక్సెస్ అనే అధికారి చేస్తారు. ఆ ఒక్క కాగితంలో చాలామంది సొమ్ము కలిసి ఉంటుంది. పాఠశాలల పన్ను, ప్రావిన్సు వసూలు చేసే గ్రామీణ పన్ను, పోలీసు పన్ను, రీజినల్ డిస్ట్రిక్ట్ సేవల పన్నులు, ఆసుపత్రి భవనాల కోసం ఏర్పాటైన రీజినల్ హాస్పిటల్ డిస్ట్రిక్ట్ వాటా, చివరన బీసీ అసెస్‌మెంటుకు, స్థానిక సంస్థలకు ఉమ్మడిగా అప్పు సమకూర్చే మునిసిపల్ ఫైనాన్స్ అథారిటీకి చెందే చిన్న మొత్తాలు. గ్రామీణ పన్ను ఎందుకని చాలామంది అడుగుతారు. మీ రోడ్డును ప్రావిన్సు చూసుకుంటున్నది కదా, ఆ ఖర్చులో మీ వాటా అందులో ఉంది.

ఇక్కడ ఒక్క మాట ప్రత్యేకంగా చెప్పాలి. సొంత ఇంట్లో నివసించేవారికి ఆస్తి పన్నును తగ్గించే హోమ్ ఓనర్ గ్రాంటు తనంతట తాను రాదు, ఏటా దరఖాస్తు చేసుకోవాలి. 2021 నుంచి ఎక్కడున్నవారైనా నేరుగా ప్రావిన్సుకే దరఖాస్తు చేస్తున్నారు. సర్రేలో సాధారణ గ్రాంటు గరిష్ఠంగా 570 డాలర్లు అయితే, మీ ప్రాంతంలో అది 770 డాలర్లు. పర్మనెంట్ రెసిడెంట్లు కూడా దీనికి అర్హులే. ఇంటికి ఒక గ్రాంటు మాత్రమే ఇస్తారు కాబట్టి మీరిద్దరిలో ఒకరు వేస్తే చాలు. జూలై తొలి రోజుల్లో వచ్చే పన్ను గడువు లోపల వేయండి. గడువు దాటితే గ్రాంటు మొత్తాన్ని కూడా చెల్లించని పన్నుగా లెక్కగట్టి దాని మీద జరిమానా వేస్తారు.

నీటి బిల్లు పంపే సంస్థ చాలావరకు ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అయి ఉంటుంది. ఒకనాగన్ లోయలో వీటిలో చాలావాటికి పుట్టుక పండ్ల తోటలకు నీరు మళ్లించే అవసరం నుంచి వచ్చింది. ఆపిల్, చెర్రీ తోటల యజమానులు కలిసి కట్టుకున్న కాలువలు, చిన్న ఆనకట్టలు కాలక్రమాన ఇళ్లకు తాగునీరు ఇచ్చే వ్యవస్థలుగా మారాయి. కెలోనా నగరంలోనే కొన్ని ప్రాంతాలకు నీరిచ్చేది నగరం కాదు. బ్లాక్ మౌంటెన్, గ్లెన్‌మోర్-ఎలిసన్ వంటి సంస్థలు ఇప్పటికీ ఆ పని చేస్తున్నాయి. ఈ సంస్థ ప్రైవేటు కంపెనీ కాదు, రీజినల్ డిస్ట్రిక్ట్‌లో భాగమూ కాదు. భూయజమానులు ఎన్నుకునే ట్రస్టీల చేతిలో నడిచే ప్రత్యేక స్థానిక సంస్థ. నీటి రేటు గురించి, నాణ్యత గురించి మీరు అడగవలసింది ఆ ట్రస్టీలనే. వారు ఏటా సర్వసభ్య సమావేశం పెడతారు. దానికి వచ్చేవారు సాధారణంగా చాలా తక్కువ మంది. అంత తక్కువ మంది ఉన్న గదిలో ఒక కుటుంబం లేచి అడిగే ప్రశ్నకు ఎంత విలువ ఉంటుందో మీరే ఊహించవచ్చు.

అగ్నిమాపక సేవ విషయంలో మాత్రం నేను మిమ్మల్ని గట్టిగా హెచ్చరిస్తున్నాను. మునిసిపాలిటీ వెలుపల ప్రతి ఇల్లూ అగ్నిమాపక పరిధిలో ఉంటుందనుకోవడం పొరపాటు. రీజినల్ డిస్ట్రిక్ట్ ఒక పరిధి గీసి, ఆ పరిధిలోని ఇళ్ల మీద పన్ను వేసి దళాన్ని నడుపుతుంది. మీ రీజినల్ డిస్ట్రిక్ట్‌కు ఎలిసన్, జో రిచ్, విల్సన్స్ ల్యాండింగ్, నార్త్ వెస్ట్‌సైడ్‌లలో ఇటువంటి దళాలున్నాయి. వాటిలో పనిచేసేవారు చాలావరకు ఆ చుట్టుపక్కల నివసిస్తూ పిలుపు రాగానే వచ్చే స్థానికులే. పరిధికి ఆవల కాలుతున్న ఇంటిని ఆర్పే బాధ్యత ఆ దళానికి ఉండదు. అడవికి అంటుకున్న మంటలను ప్రావిన్సు సేవ అయిన బీసీ వైల్డ్‌ఫైర్ సర్వీసు చూస్తుంది గాని, ఇళ్లలోని అగ్నిప్రమాదం దాని పని కాదు. పన్ను నోటీసులో అగ్నిమాపక సేవకు ప్రత్యేక పంక్తి ఉందా లేదా చూడండి. లేకపోతే ఆలస్యం చేయకుండా రీజినల్ డిస్ట్రిక్ట్‌ను అడగండి, ఇంటి బీమా కంపెనీకి మీరు చెప్పిన వివరాలు సరైనవో కాదో కూడా సరిచూసుకోండి. 2003లో ఒకనాగన్ మౌంటెన్ పార్కు మంటలు కెలోనాలో 200కు పైగా ఇళ్లను బూడిద చేశాయి. 2023 ఆగస్టులో మెక్‌డూగల్ క్రీక్ మంటలు ఒకనాగన్ సరస్సుకు పడమటి ఒడ్డున చెలరేగి తూర్పు ఒడ్డుకు కూడా నిప్పు చేర్చాయి. ఖాళీ చేయమన్న ఉత్తర్వు నగరంలో ఉన్నవారికి నగరం నుంచి, మీకు రీజినల్ డిస్ట్రిక్ట్ నుంచి, ఫస్ట్ నేషన్ (ఆదివాసీ సమాజం) భూముల్లో ఉన్నవారికి ఆ ప్రభుత్వం నుంచి వస్తుంది. చిరునామాలో కెలోనా ఉందని నగరం ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. మీ ప్రాంతపు అత్యవసర హెచ్చరికలకు మీ ఇద్దరి ఫోన్లను ఈ వారమే నమోదు చేసుకోండి.

ఇప్పుడు అత్తమామల ఇంటి సంగతి. ‘అనుమతి ఎవరిని అడగాలి’ అని మీరు ఏకవచనంలో అడిగారు, అడగవలసినవారు ముగ్గురు నలుగురు ఉన్నారు. వరుస తప్పితే డబ్బు వృథా అవుతుంది కాబట్టి ఈ క్రమంలో వెళ్లండి. మొదట మీ స్థలం అగ్రికల్చరల్ ల్యాండ్ రిజర్వులో ఉందేమో చూడాలి. సాగుభూమి ఇళ్ల స్థలాలుగా మారిపోకుండా కాపాడడానికి 1973లో ప్రావిన్సు ఏర్పరచిన రక్షిత భూమి ఇది, మీ చుట్టుపక్కల చాలా స్థలాలు ఇందులోనే ఉన్నాయి. రిజర్వులో ఉన్నా మీరు నిరాశపడనవసరం లేదు. 2021 డిసెంబరు 31 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, 40 హెక్టార్లకు మించని స్థలంలో ఇప్పుడున్న ఇల్లు 500 చదరపు మీటర్ల లోపు ఉంటే, 90 చదరపు మీటర్ల వరకు రెండవ ఇల్లు కట్టుకోవడానికి ఆ రిజర్వును చూసుకునే ల్యాండ్ కమిషన్ వద్దకు విడిగా దరఖాస్తు చేయనక్కరలేదు. అయితే అది ప్రావిన్సు అభ్యంతరం లేదని చెప్పడమే, మీకు అనుమతి ఇచ్చినట్లు కాదు. ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో చెప్పే స్థానిక నియమావళి, అంటే రీజినల్ డిస్ట్రిక్ట్ జోనింగ్ బైలా కూడా ఒప్పుకోవాలి. ప్రావిన్సు ఒప్పుకున్న చోట బైలా అంతకంటె కఠినంగా ఉండవచ్చు. చాలా కుటుంబాలు ఈ మలుపు దగ్గరే దెబ్బతిన్నాయి, ప్రావిన్సు నియమాన్ని చదివి సంతోషించి, బైలా చదవకుండా ప్లాను గీయించుకున్నాయి.

జోనింగ్ ఒప్పుకుంటుందని ప్లానింగ్ విభాగం రాతపూర్వకంగా చెప్పిన తరువాత మురుగునీటి సంగతి చూడండి. అక్కడ భూగర్భ డ్రైనేజీ లేకపోతే సెప్టిక్ వ్యవస్థ కావాలి. ఇప్పుడున్నది మరొక ఇంటి భారం మోయగలదా అని రిజిస్టరు అయిన నిపుణుడు పరీక్షించి, కొత్తది వేయాలంటే ఆ వివరాలను ఆరోగ్య సంస్థ అయిన ఇంటీరియర్ హెల్త్‌కు దాఖలు చేస్తారు. ఇది రీజినల్ డిస్ట్రిక్ట్ చేతిలోని పని కాదు. నీటికి రెండవ కనెక్షన్ ఇవ్వగలరా అని ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌ను అడగాలి. రోడ్డు మీదకు కొత్తగా మరొక దారి తీయాలంటే రవాణా మంత్రిత్వ శాఖ అనుమతి ఉండాలి, ఇప్పుడున్న దారినే వాడుకుంటే ఆ శ్రమ తగ్గుతుంది. ఇవన్నీ చేతికి వచ్చాక కట్టడం అనుమతి కోసం మళ్లీ రీజినల్ డిస్ట్రిక్ట్ దగ్గరకే వెళ్తారు. మీ మొదటి ఫోను మాత్రం ప్లానింగ్ విభాగానికే చేయండి, జోనింగ్ కాదంటే మిగిలిన ఖర్చేదీ పెట్టనవసరం లేదు.

సంతకం కాగితం గురించి మీరు ఆగి అడగడం మంచి పని. ఆ కాగితం ఏ రకమో తెలియకుండా సంతకం చేయవద్దు, ఎందుకంటే ఇక్కడ మూడు రకాల కాగితాలు చలామణిలో ఉంటాయి. మొదటిది మామూలు విన్నపం. పదిమంది కోరిక అధికారులకు తెలియజేయడమే దాని పని. రెండవది కొత్త సేవ కోరుతూ యజమానులు పెట్టే పిటిషను. ఉదాహరణకు మీ వీధి వరకు ఒక నీటి వ్యవస్థ కావాలంటే, ప్రతిపాదిత పరిధిలోని స్థలాల్లో కనీసం సగం యజమానులు, పన్ను విలువలో కూడా కనీసం సగానికి ప్రాతినిధ్యం వహిస్తూ సంతకం చేయాలి. అది చెల్లితే ఖర్చు మీ పన్నులో చేరుతుంది. మూడవది అందరినీ తికమకపెట్టేది. స్థానిక ప్రభుత్వం దీర్ఘకాలిక అప్పు చేయడం వంటి పనులకు ఓటింగు జరపకుండా ‘ఆల్టర్నేటివ్ అప్రూవల్’ అనే పద్ధతిని అనుసరించవచ్చు. అందులో ఫారం మీద సంతకం చేసినవారు వ్యతిరేకిస్తున్నట్లు లెక్క, సంతకం చేయనివారు ఒప్పుకున్నట్లు లెక్క. ఓటర్లలో 10 శాతం మంది ఫారాలు ఇస్తే ప్రభుత్వం ఆ పని ఆపుకోవాలి, లేదా ఓటింగుకు వెళ్లాలి. మంచి పని కదా అని సంతకం చేసి, తెలియకుండానే దానిని అడ్డుకున్నవారు కూడా ఉంటారు. ఈ ఫారం నింపే హక్కు ఓటర్లకు మాత్రమే కాబట్టి ప్రస్తుతానికి మీ భర్త చేయగలరు, మీరు చేయలేరు.

నగరంలో కలవాలా వద్దా అన్నది మీ ఇద్దరు తీసుకోవలసిన నిర్ణయం. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. మంచు తీయలేదన్న ఒక్క కోపంతో తీసుకోవలసిన నిర్ణయం ఇది కాదు. నగర సరిహద్దు మారాలంటే పొరుగువారి సంతకాలు చాలవు. నగర కౌన్సిల్ ముందుకు రావాలి, ఓటర్ల సమ్మతి కావాలి, చివరికి ప్రావిన్సు మంత్రివర్గం ఉత్తర్వు ఇవ్వాలి. కలిశాక ప్రావిన్సు చేతిలోని చిన్న రోడ్లు నగరానివి అవుతాయి, వాటి ఖర్చు నగర పన్నులోకి వస్తుంది. జోనింగ్ నగరం చేతికి మారుతుంది. పోలీసు ఖర్చు లెక్క కూడా మారుతుంది. కెనడా కేంద్ర పోలీసు దళమైన ఆర్‌సీఎంపీ సేవలు తీసుకునే మునిసిపాలిటీల జనాభా 5,000 నుంచి 15,000 లోపు ఉంటే ఖర్చులో 70 శాతం, అంతకు మించితే 90 శాతం మునిసిపాలిటీయే భరించాలి. వీటికి బదులుగా నగరం ఏమి ఇస్తుందో, ఎప్పటికి ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి. మురుగునీటి పైపు మీ వీధికి ఎప్పుడు వస్తుందన్న ప్రశ్నకు స్పష్టమైన సంవత్సరం చెప్పలేని ప్రతిపాదనకు తొందరపడనక్కరలేదని నేను భావిస్తున్నాను.

మీ పొరుగునే ఇందుకు ఒక ఉదాహరణ ఉంది. సరస్సుకు అవతలి ఒడ్డున వేల కుటుంబాలు చాలా ఏళ్లు రీజినల్ డిస్ట్రిక్ట్ పాలనలోనే ఉన్నాయి. ఊరు పెద్దదయ్యే కొద్దీ ఆ ఏర్పాటు చాలలేదు. 2007లో కెలోనాలో కలవడమా, సొంతంగా మునిసిపాలిటీగా ఏర్పడడమా అన్న ప్రశ్న ఓటర్ల ముందుకు వచ్చింది. సొంత మునిసిపాలిటీయే గెలిచింది గాని ఆధిక్యం స్వల్పమే. ఆ సంవత్సరం డిసెంబరులో ఏర్పడిన ఆ మునిసిపాలిటీయే ఇప్పటి వెస్ట్ కెలోనా. దాని పక్కనే వెస్ట్‌బ్యాంక్ ఫస్ట్ నేషన్ ఉంది. 2005 నుంచి స్వపరిపాలన ఒప్పందం కింద నడుస్తున్న ఆ ప్రభుత్వం మునిసిపాలిటీ కాదు, ప్రావిన్సు సృష్టించినది అసలే కాదు. ఆ నేషన్‌కు చెందకపోయినా ఆ భూముల్లో లీజు మీద నివసించేవారు వేల సంఖ్యలో ఉన్నారు, వారి మాట వినిపించడానికి ఒక సలహా మండలి ఉంది. ఇలా ఒకే వంతెనకు అటూ ఇటూ నగరం, కొత్త నగరం, స్వపరిపాలన ప్రభుత్వం, ఎలక్టోరల్ ఏరియా పక్కపక్కనే ఉన్నాయి. ఆ వైపు స్థలం కొనాలనుకునే స్నేహితులు ఎవరైనా ఉంటే, ధర కంటె ముందు పరిధి కనుక్కోమని చెప్పండి.

కలవకుండా ఉండిపోతే మీ మాట చెల్లుతుందా అన్న సందేహం కూడా మీకు ఉండి ఉంటుంది. రీజినల్ డిస్ట్రిక్ట్‌లో ప్రతి సేవకు విడి బైలా, విడి లెక్క ఉంటాయి. ఆ సేవ పొందేవారే దానికి చెల్లిస్తారు. ఒక సేవ కోసం వసూలు చేసిన సొమ్మును మరొక సేవకు మళ్లించరు. గ్రంథాలయంలో మీరు భాగస్వాములైతే చెల్లిస్తారు, కెలోనా వీధి దీపాలకు మీరు చెల్లించరు. ఈ నియమం నాకు చాలా న్యాయంగా కనబడుతుంది. ఓట్ల విషయంలో మాత్రం చిన్నవారికి కొంత ఇబ్బంది ఉంది. సాధారణ విషయాల్లో డైరెక్టరుకు ఒక ఓటు. బడ్జెట్టు, అప్పుల వంటి విషయాల్లో జనాభాను బట్టి ఓట్లు పెరుగుతాయి. ఉదాహరణకు సర్రే ఉన్న మెట్రో వాంకూవర్ రీజినల్ డిస్ట్రిక్ట్‌లో 20,000 మందికి ఒక ఓటు చొప్పున లెక్కిస్తారు, ఒక డైరెక్టరు చేతిలో 5 ఓట్లకు మించి ఉండవు. ఆ లెక్కన 45,000 జనాభా ఉన్న ఊరికి 3 ఓట్లతో ఒక డైరెక్టరు, 2,30,000 జనాభా ఉన్న నగరానికి 12 ఓట్లు పంచుకునే ముగ్గురు డైరెక్టర్లు వస్తారు. మీ బోర్డులోనూ కొలమానం వేరైనా సూత్రం ఇదే, డబ్బు విషయంలో కెలోనా బరువే ఎక్కువ. కాబట్టి మీ డైరెక్టరు నెగ్గుకు రావాలంటే మిగతా డైరెక్టర్లను ఒప్పించాలి, దానికి ఆధారం మీ ఉత్తరాలు, సమావేశాలకు మీ హాజరు. బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, ఎజెండా ముందే ప్రకటిస్తారు.

స్థానిక ఎన్నికలు నాలుగేళ్లకొకసారి అక్టోబరు మూడో శనివారం జరుగుతాయి. 2022 అక్టోబరు 15 తరువాత వచ్చేది 2026 అక్టోబరు 17. ఓటు వేయడానికి 18 ఏళ్లు నిండిన కెనడా పౌరులై, ఆరు నెలలుగా బ్రిటిష్ కొలంబియాలో నివసిస్తూ ఉండాలి. మీ భర్త ఎలక్టోరల్ ఏరియా డైరెక్టరుకు, పాఠశాల ట్రస్టీకి ఓటు వేయవచ్చు. సర్రే అపార్ట్‌మెంటు మీ ఇద్దరి పేరున ఉంటే, మీ రాతపూర్వక సమ్మతితో అక్కడ నివసించని ఆస్తి యజమానిగా సర్రేలో కూడా ఆయన ఓటు వేయగలరు. ఒక ఆస్తికి ఒకరికే ఆ హక్కు. మీకు పౌరసత్వం వచ్చేదాకా ఓటు లేకపోవడం నిజమే, నాకు అది బాధగానే ఉంటుంది, పన్ను మాత్రం అందరి దగ్గరా ఒకేలా తీసుకుంటారు కదా. అయినా ఓటు ఒక్కటే తలుపు కాదు. మీ పక్క స్థలం జోనింగ్ మార్చే బహిరంగ విచారణ పెడితే, మీ ఆస్తి మీద దాని ప్రభావం ఉంటుందని మీరు భావిస్తే చాలు, మాట్లాడే అవకాశం ఇవ్వాలని చట్టం చెబుతుంది. పౌరసత్వం అక్కడ అడగరు. ఒక సంస్థ మీకు అన్యాయం చేసిందనిపిస్తే ప్రజల ఫిర్యాదులు విచారించే ప్రావిన్సు ఆంబుడ్స్‌పర్సన్‌ను ఆశ్రయించడానికి కూడా పౌరసత్వం లేకపోవడం అడ్డు కాదు.

ఈ ఉత్తరం చదివిన తరువాత పన్ను నోటీసు, నీటి బిల్లు, అసెస్‌మెంటు నోటీసు మూడూ బల్ల మీద పరచి, ప్రతి పంక్తి ఎదుట ఆ సొమ్ము ఎవరికి వెళ్తుందో పెన్సిలుతో రాసుకోండి. అర్థం కాని పంక్తిని పట్టుకుని ప్లానింగ్ విభాగానికి చేసే ఫోనులోనే అడిగేయండి. అత్తమామల ఇంటి కోసం ఎలాగూ వారితో మాట్లాడవలసి ఉంది, మీ స్థలం అగ్నిమాపక పరిధిలో ఉందా లేదా అన్నది కూడా అదే ఫోనులో తేలిపోతుంది.